ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్

పొయ్యి మీది పాల మీద ఒక కన్ను, కంప్యూటర్లో పెళ్ళికూతురి మెడ మీది పుట్టుమచ్చ మీద ఒక కన్ను. నా సాయంత్రాలన్నీ ఇలాగే గడిచేవి. వంటింటికీ కంప్యూటర్ గదికీ మధ్య ఒకప్పుడు తలుపుండేది. మా ఆయనే తీయించేశాడు. "రెండు పనులూ ఒకేసారి చూసుకోవచ్చు కదా, నీకే సుఖం" అన్నాడు. నా సుఖం గురించి ఆయన ఆలోచించినప్పుడల్లా నాకొక పని పెరిగేది.

కింద ఫోటో స్టూడియో, పైన ఇల్లు. కింద ఆయన "గడ్డం కొంచెం దించండి, ఆఁ, నవ్వండి" అంటాడు. పైన నేను ఆ నవ్విన వాళ్ళ కళ్ళ కింద నలుపు తీసేస్తాను, బుగ్గల గుంటలు పూడుస్తాను, కళ్ళు మూసేసుకున్న పెళ్ళికొడుకు మేనమామకు ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి అతికిస్తాను. దీనికి జీతం లేదు, ఇంటి పని కాబట్టి. ఇంటి పనికి జీతం ఎందుకు లేదయ్యా అంటే, అది పనే కాదు కాబట్టి. పాలు పొంగితే నా తప్పు, మచ్చ మిగిలితే నా తప్పు. రెండూ సవ్యంగా జరిగితే స్టూడియోకి మంచి పేరు. కింద ఎవరైనా "భలే వచ్చాయండీ" అని మెచ్చుకుంటే ఆ మాటకు మెట్లెక్కి పైకి వచ్చే ఓపిక ఎప్పుడూ ఉండేది కాదు.

ఆల్బమ్‌లు ప్రింట్ చేసే ప్రెస్ పక్క ఊళ్ళో ఉంది. వారానికోసారి రైలెక్కి వెళ్ళి వాటిని మోసుకొచ్చేది కూడా నేనే. ఆయనకు నడుంనొప్పి. ఆల్బమ్‌లు ఎత్తాల్సి వచ్చినప్పుడు మాత్రమే వచ్చే నొప్పి. నేనేమీ అనేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క పూట కోసం మిగిలిన వారమంతా ఎదురుచూసేదాన్ని. "ఎక్కడున్నావ్, ఇంకా అవలేదా" అని ఫోన్ చేసినా, రైలు ఆలస్యమంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఒకసారి బీరువా సర్దుతుంటే పాత చిన్న కెమెరా ఒకటి బయటపడింది. ఫ్లాష్ పాడైపోయింది. "పడెయ్, ఎందుకూ పనికిరాదు" అన్నాడు. ఆ ఇంట్లో ఎందుకూ పనికిరాదని పేరు పడ్డ వాటి మీద నాకు కొంచెం అభిమానం. తీసుకెళ్ళి సంచిలో పడేసుకున్నాను. మొదటి ఫోటో బ్యాంకు గేటు దగ్గరి సెక్యూరిటీ అతనిది. చుట్టూ ఎవరూ లేరనుకుని అద్దాల తలుపులో చూసుకుంటూ సెల్యూట్ కొట్టడం సాధన చేస్తున్నాడు. చెయ్యి సరిగ్గా రాలేదని తనని తనే విసుక్కుంటున్నాడు. తరువాత బస్సులో కండక్టరమ్మ. టిక్కెట్లన్నీ కొట్టేశాక ఒక కాలు చెప్పులోంచి తీసి రెండో కాలి మీద పెట్టుకుని నిలబడింది. ఆ కాలికి మాత్రం డ్యూటీ దిగిపోయినట్టుంది. కళ్ళజోళ్ళ కొట్లో ఒక ముసలాయన ఒక్కో ఫ్రేమూ పెట్టుకుని అద్దంలోకి కోపంగా చూస్తున్నాడు. కోపం ఎందులో బాగా కనిపిస్తుందో అదే కొనేలా ఉన్నాడు. బడి గేటు మూసేశాక కూడా లోపలికి చెయ్యి ఊపుతూనే ఉన్న తల్లి, కోర్టు మెట్ల మీద ఒకే దువ్వెన పంచుకుంటున్న ఇద్దరు లాయర్లు. వీళ్ళెవరూ నాకేమీ కారు. అయినా ఇంటికొచ్చి వాళ్ళని తెర మీద చూసుకుంటుంటే, చుట్టాల మధ్య ఎన్నడూ లేని ధైర్యం వచ్చేది.

కండక్టరమ్మ ఫోటోని అలవాటుకొద్దీ పెద్దది చేసి, కళ్ళ కింద నలుపు మీద మౌస్ పెట్టాను. చెయ్యి ఆగిపోయింది. ఆ నలుపు ఆమె సంపాదించుకున్నది. తీసేయడానికి నేనెవరిని? ఇన్నేళ్ళుగా మనుషుల మీద ఉన్నవన్నీ చెరిపేయడమే నా పని. వీధిలో తీసుకున్న ఫోటోల్లో మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచేయవచ్చు. నన్ను కూడా ఎవరైనా ఎప్పుడైనా ఇలా, ఎవరి కోసమూ ముఖం సర్దుకోని క్షణంలో చూసి, బాగుంది అనుకుని ఉంటారా అని ఆలోచించేదాన్ని. ఇంత చిన్న కెమెరాలో ఇంత సంతోషం ఎలా పట్టిందో నాకిప్పటికీ తెలియదు.

అన్నిటికంటే నాకిష్టమైన ఫోటో మాత్రం రైల్వే స్టేషన్‌లోది. ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో తీసింది. ఆ గదిలోకి మగవాళ్ళు రాకూడదు. సామాను గడప దాకా తెచ్చి అందించి వెళ్ళిపోతారు. రైలొస్తే బయటి నుంచే కేకేస్తారు. ఆ రోజు రైలు బాగా ఆలస్యం. ఒకామె బిడ్డకు పాలివ్వాలని తలుపు గడియ పెట్టింది. గడియ పడిన చప్పుడు వినగానే గదిలో అందరి ఒళ్ళూ ఒక్కసారిగా వదులైంది. చెప్పులు విడిచేశారు, కాళ్ళు పెట్టెల మీద పెట్టేశారు. ఒక టీచరమ్మ నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు పడి నవ్వుతున్నారు. ఈ మూలన పాలిస్తున్న తల్లి వీపు, ఆ చివర గడియ పెట్టిన తలుపు. నేను బెంచీ మీద కూర్చున్నచోటు నుంచే నొక్కాను.

చప్పుడుకి టీచరమ్మ కళ్ళు తెరిచింది. "ఫోటో తీశావా?" అంది. కెమెరా ఆమె చేతికిచ్చేశాను. "వద్దంటే ఇప్పుడే తీసేస్తానండీ" అన్నాను. అందరూ మూగారు. టీచరమ్మ తనని తాను చాలాసేపు చూసుకుంది. "మా ఆయన చూస్తే ఇది నేను కాదంటాడు. ఇంత హాయిగా ఉండగలనని నాకే తెలీదు, ఆయనకేం తెలుస్తుంది?" అంది. బిడ్డ తల్లి, "నా వీపేగా పడింది, ఉంచక్కా" అంది. ఎవరికైనా చూపించవచ్చా అని అడిగాను. "నువ్వు చూపిస్తే ఫర్వాలేదు" అన్నారు. ఆ మాట వాళ్ళు నాకిచ్చారు, నాకు మాత్రమే.

కొన్నాళ్ళకు మా ఆయన ఏదో పెళ్ళి ఫైలు వెతుకుతూ నా ఫోల్డర్ తెరిచాడు. నేను గిన్నెలు తోముతున్నాను. చాలాసేపు అటు నుంచి మాట లేదు. ఈయన ఇంతసేపు నోరు మూసుకున్నాడంటే ఏదో కొంప మునిగిందనుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చాను.

"ఇవెవరు తీశారు?"

"నేనే."

"దేంతో?"

"మీరు పడేయమన్న కెమెరాతో."

ఒక్క క్షణం నిజంగా చూశాడు. బాగున్నాయని ఆయనకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళ వృత్తి, తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ మాట నోటిదాకా రావడమూ చూశాను, అక్కడి నుంచి వెనక్కి పోవడమూ చూశాను. "ఫోకస్ అక్కడక్కడా పోయింది" అన్నాడు. అయినా ఆ వారమంతా భోజనాల దగ్గర అడుగుతూనే ఉన్నాడు. ఇదెలా తీశావు, వాళ్ళు చూడలేదా, ఎంతసేపు ఆగావు అని. నేను పిచ్చిదానిలా పొంగిపోయి అన్నీ చెప్పాను. మాయమైపోవాలండీ, వాళ్ళు మనల్ని మరిచిపోయేదాకా కూర్చోవాలి అన్నాను. పెళ్ళయ్యాక ఆయన నా మాటలు అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఊరి కళాభవనంలో వీధి ఫోటోల ప్రదర్శన పెడుతున్నారనీ, మా ఆయన ఫోటోలు ఎంపికయ్యాయనీ అత్తయ్య చెబితే తెలిసింది. పేపర్లో వచ్చిందట. చూస్తే అందులో కండక్టరమ్మ కాలు ఉంది. దాని కింద మా ఆయన పేరు ఉంది.

"అవి నా ఫోటోలు" అన్నాను.

"కెమెరా ఎవరిది? కంప్యూటర్ ఎవరిది? నీకు ఎడిటింగ్ నేర్పిందెవరు?" అన్నాడు, టీవీలోంచి ముఖం తిప్పకుండా. "నీ పేరుతో పంపిస్తే ఎవరు చూస్తారు చెప్పు. పైగా నలుగురూ ఏమనుకుంటారు? ఇంటావిడ సంచిలో కెమెరా పెట్టుకుని రోడ్లమ్మట పడి తిరుగుతోందనుకోరూ? నీ మంచికే చెప్తున్నా."

"వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదా? మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి" అంది అత్తయ్య. ఈ మాట అన్న మనిషి తన బీరువా తాళంచెవి ఇంట్లో ఒక్కరికి కూడా ఇవ్వదు.

నేను ఏడవలేదు. గిన్నెలు చప్పుడు చేయలేదు. అలాంటి కోపాలు చాలా తెచ్చుకున్నాను, అవి ఆ పూటకి చల్లారిపోతాయి. ఇది వేరే. పుట్టుమచ్చలు చెరుపుతున్నప్పుడూ, పాలు కాస్తున్నప్పుడూ, ఆయన చొక్కాలకి ఇస్త్రీ చేస్తున్నప్పుడూ నా లోపల ఒక్కటే ఆలోచన తిరిగేది. ఆ ఫోటోలు తనవనడం అబద్ధమని ఈయన నోటితోనే చెప్పించాలి, అదీ నలుగురిలో చెప్పించాలి. నేను అరిచి చెబితే ఎవరూ నమ్మరు. ఆవిడకి కొంచెం బాగుండటం లేదండీ అంటాడు, అందరూ జాలిగా తలలూపుతారు. దీన్నే కక్ష అంటారని నాకు తెలుసు. అనుకుంటే అనుకోనివ్వండి.

టీవీ వాళ్ళ అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. నేను టీ ఇచ్చి పక్కన నిలబడ్డాను. "మనం మాయమైపోవాలండీ" అన్నాడు మా ఆయన, కళ్ళు సగం మూసి. "గంటలకొద్దీ కూర్చోవాలి. వాళ్ళు మనల్ని మరిచిపోయేదాకా." నా మాటలు, నా ఊపు, మధ్యలో నేను ఊపిరి తీసుకునే చోటు కూడా నాదే. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "మీరు కూడా ఫోటోలు తీస్తారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. "దానికా? కెమెరా ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. టీ మాత్రం బాగా పెడుతుంది." ఆ అమ్మాయి నవ్వింది. నేను ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

ప్రదర్శనకు ముందు కళాభవనం నుంచి ఫోన్ వచ్చింది. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేలా ఒక ఫోటో పెద్ద సైజులో కావాలట. "నువ్వే ఏదో ఒకటి ఏరి ప్రింట్‌కి పంపు. నాకు వరసగా పెళ్ళిళ్ళున్నాయి" అన్నాడు. నేను ఏరాను. ఆ ఫోల్డర్‌లో పెట్టకుండా విడిగా దాచుకున్న వెయిటింగ్ రూమ్ ఫోటో తెర మీద పెట్టి పిలిచాను. ఇది ఆయనకు చూపించకుండా చేశానని రేపెవరూ అనకూడదు. ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటూ వంగి చూశాడు.

"ఎక్కడిది? ఆసుపత్రా?"

"రైల్వే స్టేషనండీ."

"బాగుంది, బాగుంది. జనం పడి ఉన్నారు. 'అలసట' అని పేరు పెడదాం."

ఆ స్టేషన్‌లో ఆయన కొన్ని వందలసార్లు రైలెక్కి ఉంటాడు. ఆ గది గడప దాకా వచ్చి నాకు సామాను అందించిన మనిషే. తలుపుకి ఇవతల ఏముంటుందో ఏనాడూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. నా ప్లాను మొత్తం ఆ నిర్లక్ష్యం మీదే నిలబడింది. అది ఎప్పుడూ మోసం చేయలేదు, ఈసారీ చేయలేదు. ఫోటో ప్రింట్‌కి పంపాక టీచరమ్మకీ, బిడ్డ తల్లికీ మనసులోనే మాటిచ్చాను. ఈ ఫోటో ఆయన పేరుతో గోడ మీద ఒక్క పూట ఉంటుంది, అంతకు మించి ఉండనివ్వను అని.

ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా కోర్టు జడ్జిగారిని పిలిచారు. "జడ్జిగారొస్తున్నారు" అని మా ఆయన బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ఆ జడ్జిగారు ఆడమనిషి అన్న సంగతి మాత్రం ఆయనకు పెద్ద విషయంగా తోచలేదు. కళాభవనం సెక్రటరీ, ఎంపిక కమిటీ, ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు, అందరూ ఆ పెద్ద ఫోటో ముందు నిలబడి తలలూపారు. వెలుతురు బాగుందన్నారు. ఒకాయన 'అలసట' అన్న పేరులోనే కవిత్వం ఉందన్నాడు. వాళ్ళందరూ మగవాళ్ళే. అది ఏ గదో ఒక్కడికి కూడా తెలియలేదు.

ఆడవాళ్ళకి మాత్రం చూడగానే తెలిసిపోయింది. వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరే ఫోటో ముందు ఆగడం, దగ్గరికి వెళ్ళడం, పక్కావిడ చెవిలో ఏదో అనడం గోడవార కుర్చీలో కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. జడ్జిగారు కూడా ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది మన స్టేషనే కదండీ?" అన్నారు.

"అవును మేడమ్" అన్నాడు మా ఆయన, చేతులు కట్టుకుని.

"మీరు లోపల కూర్చునే తీశారా?"

"లోపలే మేడమ్. గంటలకొద్దీ కూర్చున్నాను. మనం మాయమైపోవాలి మేడమ్. వాళ్ళు మనల్ని మరిచిపోయేదాకా."

హాల్లో ఆడవాళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం దేనికో తెలియక మా ఆయన ఇంకా చిరునవ్వుతోనే ఉన్నాడు. ఆ చిరునవ్వు ఎంతసేపుంటే అంతసేపు ఉండనీ అనుకున్నాను. నాకేం తొందర లేదు.

"ఇది ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్" అన్నారు జడ్జిగారు. "ఈ ఊరికొచ్చిన కొత్తలో నేను రోజూ ఇక్కడే కూర్చునేదాన్ని. మగవాళ్ళు అడుగు పెట్టకూడదు. ఈవిడ బిడ్డకి పాలిస్తోంది. మీరు ఇక్కడ గంటలకొద్దీ కూర్చున్నానంటున్నారు."

మా ఆయన ఫోటో వైపు తిరిగాడు. దాన్ని ఆయన సరిగ్గా చూడటం అప్పుడే మొదలుపెట్టాడు. "అంటే... బయటి నుంచి, మేడమ్. జూమ్ లెన్సుతో..."

"తలుపు ఎదురుగా కనిపిస్తోంది కదండీ. లోపలి గడియ పెట్టి ఉంది."

సెక్రటరీ గారు ఒక అడుగు పక్కకి జరిగారు. కవిత్వం ఉందన్న ఆయన ఇంకో ఫోటో దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి "పోలీసులకి చెప్పండి ముందు" అంది. మా ఆయన మెడ మీద చెమట చొక్కా కాలర్లోకి దిగుతోంది. ఆ కాలరు పొద్దున నేనే ఇస్త్రీ చేశాను. జాలి వేస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. వేయలేదు. దొంగ అనిపించుకోవాలా, ఆడవాళ్ళ గదిలో దూరి దొంగచాటుగా ఫోటోలు తీసే వెధవ అనిపించుకోవాలా? ఆయన ముందు ఆ రెండే ఉన్నాయి. రెంటిలో ఏది తక్కువ నష్టమో లెక్క వేసుకుంటున్నాడు.

"అది... అది నేను తీసింది కాదు మేడమ్. మా ఇంట్లో ఆవిడ తీసింది."

అందరూ నా వైపు తిరిగారు. పక్కన కూర్చున్న అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని, "అవునని చెప్పు తల్లీ, వాడి పరువు పోతోంది" అంది. అంతవరకూ నేను ఆవిడకి తల్లిని ఎప్పుడూ కాలేదు.

"మీరే తీశారా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. మెల్లగా తాగాను. ఆయన కళ్ళు నా గ్లాసు మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో నేను నీళ్ళు తాగడం పూర్తయ్యేదాకా ఆయన ఆగింది లేదు. గ్లాసు కింద పెట్టి లేచాను.

"ఆ ఒక్కటేనా అని ఆయన్నే అడగండి మేడమ్" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపులో మొదట కోపం ఉంది, తరువాత బతిమాలడం ఉంది. రెండింటినీ నేను తీరిగ్గా చూశాను. నేనింక ఏమీ అనబోవడం లేదని ఆయనకు అర్థమైంది. నేను నోరు విప్పితే తప్ప గండం గడవదని కూడా అర్థమైంది.

"అన్నీ ఆవిడే తీసింది" అన్నాడు నేల చూస్తూ.

"నేనే తీశానండీ" అన్నాను అప్పుడు. "గదిలో ఉన్న వాళ్ళందరికీ చూపించి, అడిగాకే ఉంచుకున్నాను. నేను చూపిస్తే ఫర్వాలేదన్నారు. అది ఆయనకిచ్చిన మాట కాదు."

జడ్జిగారు నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఆ ఫోటో వైపు తిరిగి నిలబడ్డారు. పోలీసులను పిలవమన్న ఆవిడే చప్పట్లు మొదలుపెట్టింది. సెక్రటరీ గారు చేతులు నలుపుకుంటూ, "ఏదో పొరపాటు జరిగింది. ఫోటోల కింద పేర్ల కార్డులు రేపు మార్పించేస్తాం అమ్మా" అన్నారు.

"రేపు కాదండీ, ఇప్పుడే" అన్నాను.

"ఇప్పటికిప్పుడు ప్రింట్ అంటే..."

"ప్రింట్ ఎందుకు? మా ఆయన చేతిరాత చాలా బాగుంటుంది. ఆల్బమ్‌ల మీద పేర్లన్నీ ఆయనే రాస్తారు."

ఖాళీ కార్డులు, పెన్ను తెప్పించారు. హాలు మధ్యలో చిన్న బల్ల వేశారు. అత్తయ్య, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, నలుగురిలో ఇదేంటి" అంటూనే ఉంది. నలుగురిలో కాబట్టే అత్తయ్యా అన్నాను. ఆయన కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, పని సరిగ్గా అవుతోందో లేదో చూడటానికి ఆయన నా వెనక నిలబడే పద్ధతిలోనే. చుట్టూ జనం ఉన్నారు, ఎవరూ కదలలేదు. మొదటి కార్డు మీద ఆయన గుండ్రటి అక్షరాలతో 'శ్రీమతి' అని మొదలుపెట్టి, తన ఇంటిపేరు రాసి, దాని వెనక నా పేరు రాసి, ఇంక చాలా అన్నట్టు నా వైపు చూశాడు.

ఆ కార్డు చింపేసి, ఆయన ముందు ఇంకో ఖాళీ కార్డు పెట్టాను.